పాత లాకుల దగ్గర నీళ్ళు తాగిందెవరు

కోడూరు నుంచి అవనిగడ్డ వచ్చే దారిలో పాత లాకులని ఒక చోటుంది. లాకులు ఎప్పుడో పాడుబడ్డాయి. తలుపులు తుప్పుపట్టి సగం కాలవలోనే ఉండిపోయాయి. మిగిలింది ఒక ఇరుకు వంతెన, పక్కన గట్టు, గట్టు మీద నాలుగు తుమ్మచెట్లు. పగలు చూస్తే ఇక్కడేముందిలే అనిపిస్తుంది. చీకటి పడ్డాక మాత్రం ఆ వంతెన మీద బండి ఆపమంటే ఎంతటి మొనగాడైనా మాట మార్చేస్తాడు.

అక్కడ ఒకావిడ ఉంటుందట. తెల్లచీర. మొహం ఎవరూ చూడలేదు. పట్టదు, పీడించదు... నీళ్ళడుగుతుందట, అంతే. ఇవ్వకపోతే తనే తీసుకుంటుందట — మనిషి దగ్గర కాదు, బండి దగ్గర. రేడియేటర్లో నీళ్ళు.

అందుకే చేపల లారీవాళ్ళు వంతెన ఎక్కుతూ హారను కొట్టి, ఒక వాటర్ ప్యాకెట్టు పళ్ళతో చించి కిటికీలోంచి విసిరేస్తారు. ఇది చూసి నవ్వేవాళ్ళున్నారు. రాత్రిపూట ఆ దారిన వెళ్ళాల్సి వస్తే నవ్వినవాళ్ళూ విసురుతారు.

విసరని మనిషి ఒక్కడే. అవనిగడ్డలో షెడ్డు నడిపే మెకానిక్ నతానియేలు.

"దెయ్యానికి రేడియేటర్ నీళ్ళెందుకయ్యా? దానికేమన్నా ఇంజనుందా వేడెక్కడానికి?" అని ఎగతాళి చేసేవాడు. యాభై దాటిన మనిషి, చర్చి సంఘంలో పెద్ద. పైన దేవుణ్ణి, కింద తన చేతిని తప్ప మూడోదాన్ని నమ్మేవాడు కాదు. అలాంటివాడికే వచ్చిపడింది ఈ గొడవ.

శశిధర్ అని ఒక కుర్రాడికి పాత అంబాసిడర్ ఉంది. వారానికి మూడుసార్లు నతానియేలు అక్క జ్ఞానమ్మ ఆ కారులోనే బందరు వెళ్తుంది, డయాలసిస్ చేయించుకోవడానికి. కోడూరులో టీచరుగా చేసి రిటైరై అక్కడే ఉంటోంది. కిడ్నీలు పోయి ఏడాదిన్నర అయింది. ఆసుపత్రిలో ఆవిడ వంతు పొద్దున్నే ఆరింటికి. కాబట్టి నాలుగింటికల్లా, చిమ్మచీకట్లో ఇల్లు కదలాలి.

రెండు నెలల కిందట ఒక తెల్లవారుజామున ఆ కారు సరిగ్గా పాత లాకుల దగ్గరే ఆగిపోయింది. హెడ్ గ్యాస్కెట్ పోయి ఇంజన్ ఉడికిపోయింది. ఇంకో బండి దొరికేసరికి రెండున్నర గంటలు పట్టింది, ఆసుపత్రిలో వంతు తప్పిపోయింది. ఆ రాత్రి జ్ఞానమ్మకి ఊపిరాడలేదు. పడుకోలేదు, కూర్చోలేదు... తెల్లారేదాకా నతానియేలు ఆవిడ వీపు నిమురుతూనే ఉన్నాడు. తల్లిలేని తనను పెళ్ళి కూడా మానుకుని పెంచిన అక్క. ఆ కారు ఇంకొక్కసారి దారిలో ఆగితే ఆవిడ ఉండదు. డాక్టరు ఈ మాట మొహం మీదే చెప్పాడు.

అందుకని ఇంజన్ మొత్తం విప్పాడు. హెడ్డు గుడివాడ తీసుకెళ్ళి లేతు మీద చదును చేయించాడు. కొత్త గ్యాస్కెట్, కొత్త పైపులు, కొత్త క్లిప్పులు. మామూలు నీళ్ళు కాకుండా ఆకుపచ్చ కూలెంట్ తెచ్చి రేడియేటర్ అంచుదాకా తనే పోశాడు. "ఇక పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాడు.

పది రోజులు కూడా కాలేదు. మూత తీసి చూస్తే ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది.

"శశీ, ఇందులో నీళ్ళు పోశావా?"

"తగ్గితే కొంచెం పోశా బాబాయ్... నీళ్ళేగా, వదిలెయ్."

వదిలెయ్! ఆ మాటతో నతానియేలుకి ఒళ్ళు మండిపోయింది. తగ్గిందంటే ఎక్కడో కారినట్టే. ఎక్కడో కారుతోందంటే తన పనిలో తప్పున్నట్టే. ఇంజన్ తెరిచిన చేతికి కారే చోటు తెలియకపోతే ఆ చెయ్యి ఎందుకు?

క్లిప్పులన్నీ మళ్ళీ బిగించాడు. రేడియేటర్ అడుగున నీళ్ళు వదలడానికి ఉండే ఇత్తడి పంపు కటింగ్ ప్లేయర్‌తో పట్టి బిగించాడు. వాటర్ పంపు మార్చాడు. కారు కింద న్యూస్‌పేపర్లు పరిచి రాత్రంతా ఉంచాడు. పొద్దున్న పేపరు మీద అక్షరం కూడా తడవలేదు. గాలి కొట్టి ప్రెషర్ మీటరు తగిలించాడు. ముల్లు కదల్లేదు. నీళ్ళు కలిసి ఆయిల్ పాలలా మారిందేమో చూశాడు, మారలేదు. పొగ తెల్లగా వస్తుందేమోనని గొట్టం దగ్గర కూర్చుని దగ్గాడు, అదీ లేదు.

తనే కారు నడుపుకుంటూ పట్టపగలు బందరు వెళ్ళొచ్చాడు. చుక్క తగ్గలేదు. ఇంకోసారి వెళ్ళొచ్చాడు. అప్పుడూ అంతే.

అక్క వెళ్ళొచ్చిన మర్నాడు చూస్తే మాత్రం... మగ్గుడు కూలెంట్ పోయి, దాని చోట ఉత్త నీళ్ళు!

తలప్రాణం తోకకొచ్చింది. పని మీద పని బూడిదలో పోసిన పన్నీరైపోయింది. స్పానర్ గోడకేసి కొట్టాడు. అన్నం దగ్గర భార్య గ్రేస్ మీద అరిచాడు. చర్చిలో ప్రసంగం జరుగుతుంటే ఆయన మనసు థర్మోస్టాట్ చుట్టూ తిరిగేది. మళ్ళీ హెడ్డు విప్పుతానన్నాడు.

"ఒద్దు బాబాయ్! నీ పనిలో ఏం లేదు," అన్నాడు శశిధర్. నోట్లో నువ్వుగింజ నానని కుర్రాడు, ఆ పూట మాత్రం మాటలు వెతుక్కున్నాడు. "అది... పాత లాకుల దగ్గరే పోతోంది. ఆ తల్లి తాగుతుంది, అంతే."

"నోరు ముయ్."

కానీ ఆ మాట లోపల ఉండిపోయింది. నిజం చెప్పాలంటే అది ఆయనకి నచ్చింది కూడా. దెయ్యమే తాగుతోందని ఒప్పుకుంటే ఇక పనిలో వంక లేదు, చేతికి చెడ్డపేరు లేదు. అలా కోరుకుంటున్నానా అని తనమీద తనకే అసహ్యం వేసింది. రాత్రి ప్రార్థనలో దేవుణ్ణి క్షమించమని అడిగాడు. అడుగుతూనే, దెయ్యమే అయితే బావుణ్ణు అనుకున్నాడు.

ఇంతలో లాకుల దగ్గర పొలం ఉన్న శివరామయ్య గారు బైకు బాగుచేయించుకోడానికి షెడ్డుకొచ్చారు. ఆయన గొంతు తగ్గించి అన్నారు —

"నతానియేలూ, నువ్వు నమ్మవని తెలుసనుకో. నేను తెల్లారకుండానే బోరు నీళ్ళు కట్టడానికి వెళ్తానుగా. గట్టు మీద చుక్కలు చూశానయ్యా. పచ్చగా... జిగటగా. వంతెన నుంచి గట్టు చివరిదాకా. తాగిన మూతి మీంచి కారినట్టు."

"ఎప్పుడు చూశారండీ?"

"మొన్న మంగళవారం. అంతకు ముందు శనివారం."

రెండూ అక్క బందరు వెళ్ళిన రోజులే. నతానియేలు చేతిలో నట్టు జారిపోయి బైకు కింద ఎక్కడికో దొర్లింది. వెతకలేదు.

గురువారం మళ్ళీ అక్క వెళ్ళే రోజు. బుధవారం అర్ధరాత్రి దాటాక ఎవరికీ చెప్పకుండా బైకు తీసి పాత లాకులకు వెళ్ళాడు. బైకు తుమ్మచెట్ల వెనక పడుకోబెట్టి, తను గట్టు దిగువన కూర్చున్నాడు.

కప్పలు అరుస్తున్నాయి. కాలవలో నీరు కదలడం లేదు. ఒక లారీ వచ్చింది, హారను కొట్టింది. ఆయన పక్కనే వాటర్ ప్యాకెట్టు టప్పున పడి చిట్లింది. లారీ వెళ్ళిపోయింది... కప్పలు మాత్రం ఆ తర్వాత చాలాసేపు అరవలేదు.

నాలుగున్నర కావస్తుండగా దూరంగా రెండు పసుపు లైట్లు. అంబాసిడర్ చప్పుడే. ఆ ఇంజన్‌ను నిద్రలో విన్నా గుర్తుపడతాడు.

వంతెన మీదికొచ్చి కారు ఆగింది.

ఎందుకాగింది? ఆయన లేవబోయాడు. ఈలోగా లైట్లు ఆరిపోయాయి. ఇంజన్ ఆగిపోయింది.

చీకటి. మంచు. ఎక్కడో తలుపు తెరిచిన కిర్రుమనే చప్పుడు... ఆ తర్వాత ఇనుము మీద ఇత్తడి తిరిగిన చప్పుడు.

తర్వాత నీళ్ళు. సన్నగా, ధారగా... ఆగకుండా.

నతానియేలు కీర్తన ఎత్తుకున్నాడు. రెండో మాట గుర్తురాలేదు. కారు ముందు నుంచి తెల్లగా ఒక ఆకారం విడివడింది. తెల్లచీర. వంగి, మెల్లగా, ఒక్కో అడుగూ వేస్తూ గట్టు మీదికొస్తోంది. ఆయన వైపే వస్తోంది.

భయం ఆయన గురించి కాదు. ఆ కారులో అక్క ఉంది! అక్కని ఏం చేసింది?

"అక్కా...!" అని గొంతు చించుకుని అరిచాడు.

ఆకారం ఆగింది.

"ఎవర్రా అది? నతానియేలా?... ఈ మంచులో ఇక్కడేం చేస్తున్నావురా, చెవులకి మఫ్లరన్నా లేకుండా!"

జ్ఞానమ్మే. ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. ఇంకో చేతిలో ప్లాస్టిక్ మగ్గు. మగ్గు అంచు మీంచి కూలెంట్ ఒలుకుతోంది. కారు ముందు బంపరు కింద నుంచి శశిధర్ పాకుతూ బయటికొచ్చి, దొరికిపోయిన మొహంతో నిలబడ్డాడు.

నతానియేలుకి ముందు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. కోపం వచ్చింది. రెండు నెలల కోపం.

"పంపు విప్పి పట్టేస్తున్నారా! నేనక్కడ ఇంజన్ కింద పడి చస్తున్నా తెలుసా? నిద్రలేదు, తిండిలేదు... నువ్వేమో పక్కనే నిలబడి వదిలెయ్ బాబాయ్ అంటావా!"

"టీచర్ గారు చెప్పొద్దన్నారు బాబాయ్," అన్నాడు శశిధర్. "మళ్ళీ దారిలో చల్లపల్లి దగ్గర నీళ్ళు నింపుకునే వెళ్తున్నా. ఒక్కరోజు కూడా తక్కువతో నడపలేదు, ఒట్టు."

"వాణ్ణేమనకు," అంది జ్ఞానమ్మ. "నేనే మాట తీసుకున్నా."

"ఎందుకక్కా? ఈ లారీవాళ్ళ దెయ్యానికా? మనం నమ్మేవాళ్ళమా? అయినా అది నీళ్ళు కాదే, మందు! అది తాగితే చచ్చినవాళ్ళు కూడా మళ్ళీ చస్తారు!"

"కారులో ఇంకేం నీళ్ళున్నాయిరా? రోజుకి లీటరు దాటకూడదని డాక్టరన్నాడు. సీసా కనపడితే ఆగలేనని నువ్వే తీయించేశావు. నా ఎదుట తాగడం ఎందుకని ఈ కుర్రాడు తన సీసా కూడా మానేశాడు. కాలవలో చూస్తే ఉప్పునీళ్ళు. ఉప్పునీళ్ళు ఇవ్వలేను... ఆవిడకి ఇవ్వలేను."

"ఆవిడ ఎవరు?"

జ్ఞానమ్మ మగ్గు గట్టు మీద పెట్టి, ఆయాసపడుతూ వంతెన గోడకి ఆనుకుంది.

"ఆ రోజు కారు చెడిపోయి రెండున్నర గంటలు ఇక్కడే కూర్చున్నా కదా. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అప్పుడు తెలిసొచ్చింది నాకు, ఎలా ఉండేదో."

"ఎవరికక్కా?"

"అమ్మకి. ఉప్పెనలో కొట్టుకుపోయిందని చెప్పా నీకు. కొట్టుకుపోలేదురా. మనల్నిద్దర్నీ పట్టుకుని ఈ లాకుల దాకా ఈదుకొచ్చింది. అదుగో, ఆ గట్టు చివరనే రెండు రోజులున్నాం. చుట్టూ సముద్రమే, తాగడానికి గుక్కెడు లేదు. మూడోరోజు పొద్దున పడవలో ఎవరో పోతూ ఒక చెంబుడు మంచినీళ్ళిచ్చారు."

శశిధర్ తల వంచుకున్నాడు.

"అమ్మకి అప్పటికే చూపు ఆనడం లేదు. నేను చెంబు నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసింది. 'చిన్నోడికి పట్టవే' అంది. పట్టా. కొంచెం మిగులుస్తావనుకున్నా... నాలుగేళ్ళవాడివి, నీకేం తెలుసు? చెంబు రెండు చేతులా పట్టుకుని అడుగంటా తాగేశావు. ఇంకా కావాలని ఏడ్చావు. మధ్యాహ్నానికి అమ్మ లేదు."

"అక్కా..."

"చెప్పకూడదనుకున్నా. తెలిస్తే నువ్వింక నీళ్ళు తాగినప్పుడల్లా అదే తలుచుకుంటావు. చచ్చినవాళ్ళు తాగరని నాకూ తెలుసు. అయినా ఈ దారిన పోతూ ఆగకుండా వెళ్ళలేకపోతున్నానురా."

నతానియేలు పంపు గురించి అడగలేదు, రెండు నెలల గురించి అడగలేదు. మగ్గులో ఉన్నది తీసుకెళ్ళి జాగ్రత్తగా రేడియేటర్లో పోసి మూత బిగించాడు.

తర్వాత తుమ్మచెట్ల వెనక్కి వెళ్ళి బైకు సంచిలోంచి మంచినీళ్ళ సీసా తెచ్చాడు. అర్ధరాత్రి నుంచి కాపలా కూర్చున్నాడేమో, ఆయన గొంతు ఎండిపోయి ఉంది. మూత తీశాడు. అక్క గట్టు మీద ఏ చోటు చూపించిందో అక్కడ మోకరించి, తను ఒక్క చుక్క కూడా తాగకుండా, సీసా మొత్తం ఒంపేశాడు.