పదహారు బటన్ల మౌస్

తప్పు ఆమెది కాదు. ఫైల్లో ఆమెదని రాశారు. రాసింది చీఫ్, సంతకం పెట్టింది చీఫ్, శవం మీద పూలదండ వేసిందీ చీఫే.

ఏడాది తర్వాత అదే చీఫ్ ఏజెంట్ తొమ్మిదిని పిలిచి ఒక ఫోటో బల్ల మీదుగా తోశాడు. గేమింగ్ మౌస్. బొటనవేలు ఆనే పక్కన నాలుగు వరసల్లో పదహారు బటన్లు, వాటి కింద వేలిగోరంత లీవర్.

"గుర్తుపట్టావా?"

"నా భార్య చేసింది."

టెక్నికల్ సెక్షన్‌లో ఆమె చేసిన చివరి పని అది. లీవర్ తిప్పితే హల్లు, బటన్ నొక్కితే గుణింతం. గేమ్ ఆడుతున్నట్టే కనిపిస్తూ రహస్య సందేశం పంపొచ్చు. దాని చిప్‌లో ముప్పైమంది ఏజెంట్ల అడ్రసులున్నాయి. అది ఆమె చేతిలో ఉండగానే లిఫ్ట్ కూలింది. శవం దొరికింది, మౌస్ దొరకలేదు. అనుమతి లేకుండా బయటికి తీసుకెళ్ళింది, నిర్లక్ష్యం అని రాసి ఫైల్ మూసేశారు.

"విదేశీ ముఠా దగ్గరుంది," అన్నాడు చీఫ్. "కొత్త మోడల్ అంటూ రివ్యూ రాసేవాళ్ళని పిలుస్తున్నారు. అదంతా ముసుగు. రేపు పొద్దున పదకొండింటికి కొనేవాడు వస్తాడు. మనం ముందే దూకితే మౌస్‌తో వెనకదారిన జారుకుంటారు. ముందు ఆ చిప్ చావాలి. రహస్యపదం మూడుసార్లు తప్పితే దానంతటదే కాలిపోతుంది. ఇప్పటికి రెండుసార్లు తప్పారని కబురు."

"మౌస్ సంగతి వాళ్ళకి ఎవరు చెప్పారు?"

చీఫ్ కిటికీ వైపు తిరిగాడు. "మనవాళ్ళే ఎవరో."

మర్నాడు పదకొండుకి పది నిమిషాలుండగా అతను అతికించిన మీసంతో, రివ్యూయర్ కార్డుతో ఒక ఆఫీసు నాలుగో అంతస్తుకు మెట్లెక్కి వెళ్ళాడు. ఏడాదిగా అతను లిఫ్ట్ ఎక్కడం లేదు. తలుపు దగ్గర కాపలావాడు సంకేతం అడిగాడు.

"సెన్సిటివిటీ ఎంత?"

"చెయ్యి వణకనంత."

లోపల ఒక టేబుల్, ఒక కంప్యూటర్, ఎర్రకోటు వేసుకున్న ఒక అందగత్తె. టెక్నికల్ సెక్షన్‌లో అతని భార్య పక్క సీటు ఆమెది. అక్కా అక్కా అంటూ ఆమె టిఫిన్ డబ్బాలో సగం తినేది.

"మీసం నప్పలేదు బావగారూ. కూర్చోండి."

కోటు జేబులోంచి పిస్టల్ గొట్టం అతని వైపు చూసింది.

"లిఫ్ట్ పని నీదేనా?"

"ఒక బోల్టు వదులు చేశాను. మిగతాది లిఫ్టే చూసుకుంది." ఆమె మౌస్ అతని చేతిలో పెట్టింది. వైరు కంప్యూటర్‌కి తగిలించలేదు. "రివ్యూ కోసం వచ్చారుగా, చెయ్యండి. పదం నాకు తెలుసు. 'కోపం'. అక్క మిమ్మల్ని అలాగే పిలిచేది, 'మా కోపం ఇంకా రాలేదు' అని. అది కొడితే తెరుచుకోదేం?"

అతని బొటనవేలు రబ్బరు మీదున్న గుంటలోకి జారింది. ఆ గుంట అతని భార్య వేలు చేసింది. బటన్లన్నీ అరిగి నున్నగా ఉన్నాయి, రెండో వరస చివరిది తప్ప. ఎనిమిదోది. దాని గరుకు తగలగానే ఆమె భుజం పక్కకి వచ్చి నిలబడ్డట్టయింది. 'కౄ ఎవడిక్కావాలే?' అని అతను అడిగిన రోజు. 'నాకు కావాలి. గుణింతం చెబుతూ దీన్ని మింగేశానని మా మాస్టారు నన్ను ఎండలో నిలబెట్టాడు.' మౌస్ గోరువెచ్చగా ఉంది. కరెంటు లేని మౌస్.

"గుణింతం పదిహేనేగా?" ఎర్రకోటు అడిగింది. "మా బళ్ళో పదిహేనే నేర్పారు. పదహారో బటన్ ఎందుకు?"

అతని చొక్కా గుండీలో మైకు ఉంది. కింద వ్యానులో చీఫ్ వింటున్నాడు. చేతిలోని మౌస్‌లో భార్య కూడా వింటోంది.

"చివరిది ఉత్తది," అన్నాడు. "వరస నిండాలని పెట్టింది."

"నిజంగా?"

"పద్ధతి లేని మనిషి. ఎవరికీ చెప్పకుండా దాన్ని సంచిలో వేసుకుని బయల్దేరింది. అది నిర్లక్ష్యం కాక ఏంటి? ఫైల్లో రాసింది నిజం. దాని చావు అదే తెచ్చుకుంది."

ఎర్రకోటు అతని మొహాన్ని చాలాసేపు చూసింది. ఈ ముక్క ఒప్పుకోనందుకే ఏడాదిపాటు అతను డిపార్ట్‌మెంట్ మొత్తంతో తగువు పెట్టుకున్నాడని ఆమెకి తెలుసు. అలాంటివాడి నోట ఆ మాట వచ్చిందంటే నమ్మాల్సిందే.

"మరి రెండుసార్లు ఎందుకు తప్పింది?"

"నువ్వు బటన్ నొక్కి లీవర్ తిప్పి ఉంటావు. లీవర్ ముందు."

"అయ్యో, అంతేనా!"

ఆమె నవ్వి మౌస్ లాక్కుంది, వైరు తగిలించింది. గడియారంలో పదకొండుకి ఒక నిమిషం తక్కువ. పక్కగదిలో కొనేవాడు దగ్గాడు. లీవర్, పన్నెండు. లీవర్, పద్నాలుగు. ఎంటర్.

కౄ వదిలేసినవాళ్ళ లెక్కలో 'కో' పన్నెండోది. అతని భార్య లెక్కలో పదమూడోది. ఎర్రకోటు నొక్కింది 'కోపం' కాదు, 'కొపౌ'.

మౌస్ ఒక్కసారి వణికింది. బటన్ల సందుల్లోంచి సన్నని పొగ లేచింది. ఎర్రకోటు పిస్టల్ ఎత్తేలోపు టేబుల్ ఆమె మీదికి బోర్లాపడింది, తలుపు విరిగింది, చీఫ్ మనుషులు లోపలికి దూకారు. కొనేవాడు వెనకమెట్ల మీద దొరికాడు.

చల్లబడ్డ మౌస్‌ని అతను అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. భుజం పక్కన ఎవరూ లేరు. ఏడాదిలో మొదటిసారి, నిజంగానే ఎవరూ లేరు.

సాయంత్రం చీఫ్ ఫైల్ తెరిచి పెట్టాడు.

"బోల్టు సంగతి టేపులో ఉంది. నీ మాటలు కూడా ఉన్నాయి. అవి నటన అని ఒక్క ముక్క చెప్పు, ఆవిడ మీద రాసిందంతా కొట్టేస్తాను."

అతను ఫైల్ మూసి బల్ల మీదుగా వెనక్కి తోశాడు.

"నువ్వలా అనకపోతే ముప్పైమంది పోయేవాళ్ళయ్యా. చెప్పడానికేం?"

అతను జేబులో మిగిలిన రివ్యూ ఫారం తీసి, 'అభిప్రాయం' అన్నచోట 'పదహారూ అవసరమే' అని రాసి, లేచాడు.

"అది వినాల్సిన మనిషి వెళ్ళిపోయింది. ఇంక ఈ సంగతి నన్నడక్కండి. ఎప్పుడూ."

చీఫ్ ఇంకోసారి అడిగాడు. ఆ తర్వాత చీఫ్‌తో అతను ఏ సంగతీ మాట్లాడలేదు.