చేతికిచ్చిన ఉప్పు

"ఇలియాస్, నీకు ప్రాగ్‌లో సీటొచ్చింది," అన్నాడు శాంతరాజు.

అబూ ధాబీ శివారు మఫ్రఖ్‌లో ఒక స్పేర్ పార్టుల షాపు వెనక గది అది. బయట బోర్డు మీద టైర్ల బొమ్మ ఉంటుంది. లోపల కూర్చునేది మాత్రం మన సీక్రెట్ సర్వీసు గల్ఫ్ చీఫ్. ఇలియాస్ కడపవాడు. ఏజెంటుగా ఆరితేరినా, గడ్డం గీసుకుంటే ఇప్పటికీ కాలేజీ కుర్రాడే.

"చదవడానికా సార్?"

"చదవబోయేవాళ్ళని ఆపడానికి."

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. ప్రొఫెసర్ కార్ల్ అనే పేరుతో తిరిగే విదేశీ ముఠా నాయకుడొకడు రాస్ అల్ ఖైమా కొండల పక్కన విల్లా తీసుకున్నాడు. గల్ఫ్‌లో పెరిగిన మన పిల్లలకు ప్రాగ్‌లో ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ అని ఆశపెట్టి, ఓరియంటేషన్ పేరుతో అక్కడ చేర్చాడు. బయల్దేరేటప్పుడు ఒక్కొక్కరికీ ఒక లాప్‌టాప్ బహుమతి. మన నేవీ నుంచి కొట్టేసిన సబ్‌మెరైన్ డిజైన్లు వాటిలో ముక్కలు ముక్కలుగా దాటిపోతాయి. పట్టుబడితే జైలుకి పోయేది పిల్లలు.

"ఇప్పుడే రెయిడ్ చేస్తే?"

"లాప్‌టాప్‌లు ఇంకా విల్లాకి చేరలేదు. చేరగానే నీ వాచీ బటన్ నొక్కు. పోలీసులతో పక్క క్వారీలోనే ఉంటాం. లోపల మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాకూ చెప్పలేదు. 'ప్రాగ్ గడియారం ఆగిపోయిందట' అంటే, 'కీ ఇస్తే నడుస్తుంది' అను."

అలా ఇలియాస్ స్టూడెంటయ్యాడు.

విల్లాలో మొదట ఎదురైంది గంగాభవాని, ప్రోగ్రామ్ కోఆర్డినేటర్. కాకినాడ మనిషి. హైహీల్స్, ఎర్రటి గోళ్ళు, హ్యాండ్‌బ్యాగ్‌లో చిన్న పిస్టల్. నవ్వుతూనే పాస్‌పోర్టులూ ఫోన్లూ పుచ్చుకుంది. ఆమె వెనక తలుపు దానంతటదే లాక్ అయింది.

డైనింగ్ హాలు గోడకి నల్లటి పెట్టె ఒకటుంది. జామర్. అది పనిచేస్తున్నంతసేపూ వాచీ బటన్ నొక్కినా, కోటు గుండీ నొక్కినా ఒకటే. దాని పక్కనే తుపాకీతో గార్డు. గదులన్నిటా మైకులు. ఏ భాషలో గుసగుసలాడినా కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద ఇంగ్లీషులో పడుతుంది. కిటికీలోంచి చూస్తే బోడి కొండలు తప్ప మరేమీ లేవు.

రెండో రోజు కార్ల్ ఇలియాస్ భుజం మీద చెయ్యేసి, వచ్చీరాని తెలుగులో అన్నాడు. "ప్రాగ్ గడియారం ఆగిపోయిందట!"

ఇలియాస్ నోటిదాకా వచ్చిన జవాబు అక్కడే ఆగిపోయింది. కార్ల్ కళ్ళు నవ్వడం లేదు. కోడ్ వర్డ్ లీకైపోయింది, ఇది ఎర!

"అయ్యో, రిపేరు చేపిస్తారా సార్?" అన్నాడు అమాయకంగా.

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. ఇక లోపలున్న మన మనిషి నోరు విప్పలేరు. తనూ విప్పలేడు. బోనులో పడ్డానని అతనికి ఖాయంగా తెలిసిపోయింది. తన సంగతి సరే, పక్క సీటు పిల్ల హెప్సీ మాటేమిటి? అబూ ధాబీలో నర్సుగా చేసే తల్లికి ఒక్కతే కూతురు. ప్రాగ్‌లో పేరుమోసిన ఆ పాత గడియారం ముందు నిలబడి అమ్మకి వీడియో కాల్ చేస్తానని అందరికీ చెప్పుకుని మురిసిపోతోంది.

ప్రయాణం రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర లాప్‌టాప్‌లు పంచారు. ఇలియాస్ బటన్ నొక్కాడు. ఊహించినట్టే సిగ్నల్ లేదు. బయట బస్సు ఇంజన్ స్టార్టయింది.

గంగాభవాని అతని టేబుల్ దగ్గర ఆగింది. "పప్పులో ఉప్పు తగ్గింది కదూ?" అంటూ ఉప్పు డబ్బా అందించింది.

టేబుల్ మీద బోలెడంత చోటుంది. అక్కడ పెట్టలేదు. అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు ముడిచి మరీ వెళ్ళింది.

ఇలియాస్‌కి అమ్మ సర్వర్ బేగం గుర్తొచ్చింది. పక్కింటావిడ ఉప్పు తెస్తే ఎన్నడూ చేత్తో అందుకునేది కాదు. "కింద పెట్టమ్మా, చేతికిస్తే కొట్లాడుకుంటాం" అనేది. కాకినాడలో మాత్రం ఆ పట్టింపు ఉండదా? తెలిసే ఇచ్చిందా? ఇన్నాళ్ళు పరాయివాళ్ళ మధ్య తిరిగి మర్చిపోయిందా? పొరపడితే ఇక్కడే ప్రాణం పోతుంది.

హెప్సీ లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని లేచింది.

ఇంక ఆలోచించలేదు. డబ్బా నేలకేసి కొట్టాడు.

"ఏంది మేడమ్ ఇది? ఉప్పు గూడా లేని కూడు పెడ్తారా? మనుషులనుకున్యారా, పశువులనుకున్యారా?"

గంగాభవాని కళ్ళు మెరిశాయి. "గొంతు లేస్తందేంటి? పప్పన్నం తినలేనోడివి, ప్రాగెళ్ళి ఏం ఊడబొడిచేత్తావు?"

"మర్యాదగా మాట్లాడు!"

"నీకు మర్యాదొకటీ!"

స్క్రీన్ మీద ప్రతి మాటా పొల్లుపోకుండా ఇంగ్లీషులో పడింది. ఉప్పు కోసం కొట్లాట! కంట్రోల్ రూమ్‌లో కార్ల్ పగలబడి నవ్వాడు. విడదీయమని గార్డుకి మైకులో ఆర్డరిచ్చాడు. గార్డు జామర్ దగ్గర్నుంచి కదిలి, ఇద్దరి మధ్యకీ వచ్చాడు.

గంగాభవాని బరువైన పప్పు గిన్నె ఎత్తి విసిరింది. ఇలియాస్ వంగాడు. గిన్నె గార్డు మీదుగా వెళ్ళి నల్లటి పెట్టెకి తగిలింది. ఎర్ర లైటు ఆరిపోయింది. ఇలియాస్ మళ్ళీ బటన్ నొక్కగానే వాచీలో పచ్చ లైటు వెలిగింది.

గార్డు తేరుకునేలోపు అతని తుపాకీ ఇలియాస్ చేతిలో ఉంది. కార్ల్ పరుగున వచ్చేసరికి ఎర్రగోళ్ళ చేతిలో పిస్టల్ అతని నుదుటికి ఆనింది. అప్పటికే పిల్లలతో గేటు దాటబోతున్న బస్సుకి అడ్డంగా ఒక క్వారీ టిప్పర్ వచ్చి ఆగింది. అందులోంచి శాంతరాజూ, పోలీసులూ దిగారు.

"ఖలాస్, ప్రొఫెసర్‌గారూ," అంది గంగాభవాని.

హెప్సీ ఏడుస్తూనే తల్లికి ఫోన్ చేసింది. "ప్రాగ్ లేదమ్మా... నేను బానే ఉన్నా. వచ్చి తీసుకెళ్ళు." ఆ మాట విన్నాక ఇలియాస్‌కి ఊపిరాడింది.

ఆ సాయంత్రం రోడ్డు పక్క కెఫెటేరియాలో ముగ్గురూ బిర్యానీ తింటున్నారు.

"కోడ్ వర్డ్‌లు తయారుచెయ్యడానికే మనకో సెక్షనుంది," అన్నాడు శాంతరాజు. "దాన్ని మూసేసి మీ అమ్మగారికి ఉద్యోగమివ్వాలేమో." అంటూ ఉప్పు డబ్బా తీసి ఇలియాస్‌కి అందించబోయాడు.

ఇలియాస్ చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"టేబుల్ మీద పెట్టండి సార్. నా లీవు సంగతి ఇంకా మాట్లాడుకోవాల."