చెయ్యే కొలత

హైమావతి ముంజేతి మీది వాడేసిన చుక్కరేకు ఒలిచి, మరొకటి అంటించుకుంది. వేలిగోరంత రేకు. దాని అడుగున కంటికి ఆనని సూదులు మూడు వందలు. అవి ఒంట్లోకి మందు దించి కరిగిపోతాయి. విజయనగరం పిల్లలకు ఇంజెక్షన్ అంటే ఏమిటో తెలియని రోజులవి.

రేకుతో వచ్చిన చిక్కల్లా దురద, మంట. జనం గోకి పీకేసేవారు. అందుకే కొత్త రేకులో తిమ్మిరి మందు కలిపారు. అది రేకు కిందే ఆగిపోతుందని లెక్క. మందుల భద్రతాధికారిణి హైమావతి నాలుగు వందల మందికి మూడు నెలలు అంటించి చూసింది, తనూ వేసుకుంది. ఒక్క ఫిర్యాదూ రాలేదు. మురిసిపోతూ ఆ ఉదయమే అనుమతి పత్రం మీద వేలిముద్ర వేసింది. రేపటి నుంచి రాష్ట్రమంతటికీ అదే రేకు.

పెరట్లో పైడితల్లి పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆ వీధిలో సగం మందికి పసితనంలో నీళ్లు పోసిన చేతులవి. ఇప్పుడు హైమావతి మనవరాలి వంతు, ఇరవై రోజుల పిల్ల. బీపీ మందు కోసం పైడితల్లి కూడా ఆ పరీక్షలో చేరింది.

"రేకు ఎలా ఉంది పైడితల్లీ?"

"ఏసుకున్నట్టే నేదమ్మా. సీమ కుట్టినట్టయినా నేదు."

హైమావతికి ప్రాణం లేచొచ్చింది.

పైడితల్లి బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, బకెట్లో చెయ్యి ముంచింది. వేడి కొలిచే యంత్రాలంటే ఆవిడకు గిట్టదు, చెయ్యే కొలత. "సల్లగున్నాయమ్మా, ఇంకో సెంబు ఉడుకునీళ్లు పొయ్యి."

హైమావతి తనూ ముంచి చూసింది. నిజమే, గోరువెచ్చగా కూడా లేవు. మరో రెండు చెంబులు కలిపింది. మార్గశిరపు చలిలో పొగలు మామూలే కదా.

మొదటి చెంబు పడగానే బిడ్డ కెవ్వుమంది. ఏడుపు గుక్కపట్టింది.

కూతురు వకుళ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. బాలింత కనుక ఆమెకు రేకు వేయలేదు. బిడ్డ వీపు కమిలిపోవడం చూసి లాక్కుని కుళాయి కింద పెట్టింది. బకెట్లో వేలు ముంచి చటుక్కున తీసేసింది.

"అమ్మా! సలసలా కాగుతున్నాయి, చూసుకోలేదా?"

పైడితల్లి ఎర్రబడిన తన కాళ్లకేసి తెల్లబోయి చూస్తోంది. "నాకేటీ తెలవనేదమ్మా..."

నొప్పి ఉందా అని నాలుగు వందల మందినీ అడిగింది హైమావతి. వేడి తెలుస్తోందా అని ఒక్కరినీ అడగలేదు. ఆమె మళ్లీ బకెట్లో మోచేతి దాకా చెయ్యి ముంచింది. చర్మం ఎర్రగా కందిపోతోంది.

"చెయ్యి తియ్యమ్మా!" అని వకుళ అరుస్తోంది.

నీళ్లు ఆమెకు హాయిగానే ఉన్నాయి.