కాసులమ్మ ఇంటి తెడ్డు

"నానేటి తప్పు సేసినానమ్మా... నన్నెందుకు ఆపీసినారు?"

మొగలి కంచె అవతలినుంచి నూకాలమ్మ అడుగుతూంటే, ఇవతల నిలబడి తల్లి కాసులమ్మ వింటోంది. కూతురి అత్తవారి ఊళ్ళో కలరా. అల్లుడు పోయాడు. పసిబిడ్డను చంకనేసుకుని హరిశ్చంద్రపురంలో రైలు దిగి, ఇసుకలో ఈడ్చుకుంటూ పుట్టింటికి వచ్చిన పిల్లను ఊరు గుమ్మంలోనే ఆపేసింది! బయటివాళ్ళెవరూ కంచె దాటకూడదని ముందురోజే ఊరికూటం కట్టుబాటు చేసింది మరి.

ఆ కట్టుబాటుకు కాసులమ్మ ఇల్లు కూడా ఒప్పుకుంది! ఆ పల్లెలో మగదిక్కు లేని ఇంటినుంచి కూటానికి ఆడమనిషి రాకూడదు, ఆమె బదులు పడవ తెడ్డు వెళుతుంది. తెడ్డు కూటం పాకలో ఉంటే ఆ ఇల్లు వచ్చినట్టే. అది మాట్లాడదు గనక ఒప్పుకున్నట్టే. భర్త సముద్రంలో పోయిన నాటినుంచీ కాసులమ్మ ఇల్లు అన్నింటికీ అలాగే ఒప్పుకుంటూ వచ్చింది...

ఆమె ఊరిపెద్ద దాలయ్య దగ్గరికి పరుగెత్తింది.

"నీ తెడ్డు ఉన్నాది గదా కాసులమ్మా. ఏటీ అనలేదు."

"తెడ్డేటంటాది బావా?"

"మళ్ళీ కూటమంటే అందరూ రావాల. నీ మరిది పైడయ్య అలిగి కూకున్నాడు. ఈయాల పొద్దున్న వలకాడ ఎవుడో ఏదో అన్నాడంట."

ఆమె వెళ్ళేసరికి పైడయ్య గోడవైపు తిరిగి వల అల్లుకుంటున్నాడు. "సరిగ్గా పిలిత్తే వొత్తాను. నీ గోడు కూటంలో సెప్పుకో వొదినా."

"నన్ను రానివ్వరు. నువ్వు రావు. మరెవులికి సెప్పుకోను?"

పైడయ్య వలకు మరో ముడి వేశాడు. ఒకరి అలక, ఒకరి ఆచారం... మధ్యలో ఎండలో మాడుతున్న పసిగుడ్డు! కాసులమ్మకు ఏడుపు ఇంకిపోయింది. తిన్నగా కూటం పాకలోకి వెళ్ళి, గుంజకు ఆనించిన తన తెడ్డు తీసి భుజాన పెట్టుకుంది.

"అది తియ్యకూడదే," అన్నాడు వెనకే వచ్చిన దాలయ్య.

"నా ఇల్లు ఒప్పుకోలేదు బావా. ఒక్క ఇల్లు తగ్గినా కట్టుబాటు సెల్లదని మీరే అంటారు."

కట్టుబాటు పోయిందనగానే ఊరంతా పాక దగ్గర మూగింది. కాసులమ్మ తెడ్డు పట్టుకునే మాట్లాడింది.

"మీ పిల్లల్ని సంపుకోమనను. కంచె అవతల పాత వలల పాక ఉన్నాది. కూతురితో నానూ అందులో ఉంటాను. జబ్బు లేదని తేలేదాకా ఇటు రాం. నిన్న నన్నడిగుంటే, వొచ్చినోల్లని ఆ పాకలో ఉంచుదామని నిన్నే సెప్పేదాన్ని."

"మరి బావి?" అన్నాడొకడు.

"ముట్టుకోం. నీళ్ళు మీరే కంచె కాడ పెట్టండి."

"మరి గుడ్డల సంగతేటి?"

"అక్కడే కాల్సుకుంటాం."

"కావిడి నాను మోత్తాను," అంది వెనకనుంచి ఓ గొంతు. పైడయ్య! అతన్ని ఎవరూ పిలవలేదు. దాలయ్య చుట్టూ చూశాడు. ఈసారి ఒక్కొక్క ఇంటినీ పేరుపెట్టి అడిగాడు. కాసులమ్మను కూడా.

పొద్దు వాలేవేళకు ఆమె కంచె దాటింది. పైడయ్య గంజికుండ దించి, తల వంచుకునే అన్నాడు:

"తెడ్డు మళ్ళీ పాకలో పెట్టకు వొదినా. కూటానికి నువ్వే రా."

వలల పాకలో ఆ తెడ్డును రెండు గుంజలకు అడ్డంగా కట్టి, కాసులమ్మ తన పాతచీరతో మనవడికి ఉయ్యాల వేసింది. తల్లి ఒడిలో తలపెట్టుకున్న నూకాలమ్మ ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. అది ఎండవేడో, మరేదో... రేపు తెలుస్తుంది. కాసులమ్మ ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, రెండో చెయ్యి కూతురి నుదుటిమీదనుంచి తియ్యలేదు.