బాలమ్మవ్వ వాకిలి

గునపం ఠంగుమంది.

"దొరికింది! అక్కా, దొరికింది!" అని ఓబులేసు గుంతలోంచి కేక పెట్టాడు. రెండు చేతులా ఎర్రమన్ను తోడి బయటికి విసిరాడు. చెట్టు కింద కూర్చున్న తిరుపాలమ్మ కుచ్చిళ్లు ఎగదోపుకొని పరుగున వచ్చి తొంగి చూసింది. మన్ను కింద ఉన్నది విసుర్రాయి. అదీ విరిగిపోయి, ఎవరో ఎప్పుడో పనికిరాదని పారేసిన సగం విసుర్రాయి!

"నీ మొగానికి ఇంతకంటే ఏం దొరుకుతాదిరా!" అని ఆమె అక్కడే చతికిలబడింది. నల్లమల కొండల్లో పడి తిరగడం ఇది మూడో రోజు. ఎన్ని గుంతలు తవ్వారో లెక్కే లేదు. చేతులు బొబ్బలెక్కాయి, కాళ్ల నిండా ముళ్లు, నోటి నిండా దుమ్ము.

ఈ తిప్పలన్నిటికీ మూలం మూడు వందల ఏళ్ల కిందట పోయిన ఒక ఇంగ్లీషు రైతు కొడుకు. పేరు థామస్ హార్లో. అతని తండ్రి యోమన్, అంటే జమీందారూ కాదు, కూలివాడూ కాదు, సొంత కాడితో సొంత చేను దున్నుకునే రైతు. ఆ దేశపు పద్ధతి ప్రకారం చేనంతా పెద్దకొడుక్కి పోయింది. మూడోవాడైన థామస్ ఓడెక్కి వచ్చి మచిలీపట్నంలో దిగాడు. ఫిరంగులు కాల్చే కొలువులో కొన్నాళ్లుండి, అది పడక వజ్రాల గనులవైపు పారిపోయాడు. అక్కడితో జాడ తెగిపోయింది.

ఆ జాడ కోసం సముద్రాలు దాటి వచ్చింది ఆగ్నెస్ హార్లో. అరవై దాటిన మనిషి, థామస్ పెద్దన్న వంశం, తమ ఇంటి చరిత్ర రాస్తోంది. ఆ యోమన్ ఇంట్లో ఎవరెప్పుడు పుట్టారో, మందలో గొర్రెలెన్నో ఆమెకు తెలుసు. దేశం పోయిన కొడుకు తిరిగొస్తే సేద్యానికి ఉంటాయని ముసలాయన చివరిదాకా ఒక జత ఎద్దులను అట్టే పెట్టిన సంగతీ తెలుసు. థామస్ గురించి మాత్రం ఆమెది ఒకటే మాట: "పెళ్లి కాకుండానే పోయాడు."

ఆ మాట విన్నప్పుడల్లా తిరుపాలమ్మకు ఒళ్లు మండేది. నంద్యాలలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచరమ్మ ఆమె, ఆగ్నెస్‌కు మాటసాయంగా వెంట వచ్చింది. గనుల నుంచి ఈ కొండల్లోకి వచ్చిన ఆ థామస్‌ను కట్టుకున్న బాలమ్మే తమ వంశానికి మూలపుటవ్వ అని తల్లి చెప్పేది. ఊరు మాత్రం 'దొర ఉంచుకున్నదాని సంతానం' అనేది. పెళ్లిలో తాళిబొట్టును పళ్లెంలో పెట్టి ముత్తైదువలందరి చేతా తాకిస్తారు కదా, తల్లి ముందుకు వచ్చేసరికి ఆ పళ్లెం పక్కకు తిరిగేది. తల్లి ఆ అవమానంతోనే పోయింది. మొన్న ఒక పెళ్లిలో తిరుపాలమ్మకూ అదే జరిగింది. మొగుడు నిక్షేపంలా పక్కనే కూర్చున్నాడు, అయినా పళ్లెం దాటిపోయింది! బాలమ్మ పెళ్లాడిన ఇల్లాలేనని రుజువు తెచ్చి ఊరి ముందు పెడతానని ఆమె ఆ పందిట్లోనే ఒట్టు పెట్టుకుంది.

తమ్ముడు ఓబులేసుకు ఈ గోలతో పని లేదు. ఏటా తొలకరి పడగానే చేలల్లో వజ్రాలు ఏరడానికి పరుగెత్తే రకం. ఇప్పటిదాకా దొరికింది గులకరాళ్లే. గనుల నుంచి వచ్చిన దొర ఉత్తచేతులతో వస్తాడా అన్నది అతని ఆశ.

దారి చూపేవాడు మేకలు కాసే మద్దిలేటి. పసితనంలో ఏదో గుహలో రాతి మీద ఇంగ్లీషు అక్షరాలు చూశాడు. ఏ గుహో మరిచిపోయాడు. చూసిన అక్షరాలను మాత్రం బొగ్గుతో బండ మీద వరసగా గీశాడు: హెచ్, టి, బి. ఓబులేసు చిటికెలో తేల్చేశాడు. "హెచ్ అంటే హిల్లు, టి అంటే ట్రీ, బి అంటే బావి!"

"ఆ దొర బావిని ఒక్కదాన్నే తెలుగులో ఎందుకు రాస్తాడురా?" అని అక్క అడిగింది.

"ఇన్నేండ్లు ఈడుండి ఆ మాత్రం నేర్చుకోడా?" అన్నాడు తమ్ముడు. ఆ మాట నమ్మి పాడుబావి చుట్టూ తవ్వినందుకు దక్కింది ఈ విసుర్రాయి.

ఆగ్నెస్ కెమెరా మెడలో తగిలించుకుని, తన సంచి భుజాన వేసుకుంది. "ఇక చాలు. రేపు వెళ్లిపోతాను," అంది ఇంగ్లీషులో. "సమాధి లేదు. బాలమ్మ అనే మనిషి ఉన్నట్టు ఆధారమూ లేదు. ఆధారం లేనిది నేను రాయను."

"మీ ఎద్దుల జతకు దొరికింది ఆధారం, మా అవ్వకు దొరకలేదా!" అని తిరుపాలమ్మ ఇంగ్లీషులోనే అరిచింది. అరుస్తూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అంతలో ఫెళ్లున ఉరిమింది. కొండ మీద నల్లగా కమ్మిన మేఘం ఒక్కసారిగా కురిసింది. మద్దిలేటి ఉన్నట్టుండి తల మీద చేతులు పెట్టుకుని వాగు వెంబడి పరుగు తీశాడు.

"ఆ పొద్దు గూడా వానకే ఉరికినా టీచరమ్మా! ఇట్లనే ఉరికినా! రాండి, బిరీన రాండి!"

మూడు రోజులుగా బుర్రకు తట్టని దారి అతని కాళ్లకు తట్టింది. ముగ్గురూ వెంట పరుగెత్తారు. కలబంద పొదల వెనక, బండ కింద ఒక కంత. మనిషి పడుకొని పాకితే తప్ప పట్టదు. మద్దిలేటి తాడు పట్టుకుని బయట నిలబడ్డాడు. మిగిలినవాళ్లు టార్చిలైట్లతో, ఓబులేసు గునపంతో సహా, బొక్కబోర్లా పాకారు. మోచేతులు గీరుకుపోయాయి, గబ్బిలాల కంపు ముక్కులు బద్దలు కొట్టింది. పాకగా పాకగా పైకప్పు లేచి పెద్ద గది వచ్చింది.

ఆ గది చివర ఒక వాకిలి ఉంది! రెండు పక్కలా నిలువుగా రాతి కమ్ములు, వాటి మీద అడ్డంగా ఒక రాయి. లోపల మసిబారిన పొయ్యి. పైరాయి మీద లైటు పడగానే అక్షరాలు మెరిశాయి. అవి మద్దిలేటి గీసినట్టు వరసగా లేవు. పైన ఒంటరిగా హెచ్. దాని కింద ఎడమన టి, కుడిన బి. అడుగున 1689.

"హిల్లు పైనుండాది. అంటే…" అని ఓబులేసు మొదలుపెట్టాడు.

"నోర్ముయ్!" అంది అక్క. ఆగ్నెస్ ముఖం పాలిపోయింది. ఆమె తడిసిన చేత్తో అక్షరాలను ఒక్కొక్కటే తడిమింది.

"మా ఇంటి తలుపు మీద ఇలాగే ఉంది," అంది మెల్లగా. "పెళ్లయిన ఆలుమగలు ఇల్లు కట్టుకుంటే యోమన్లు ఇలా చెక్కుతారు. పైన ఇంటిపేరు. కింద భర్త పేరు, పక్కన భార్య పేరు. ఉంచుకున్న మనిషి కోసం ఎవరూ చెక్కరు. హార్లో. థామస్. బాలమ్మ."

ఆగ్నెస్ ఆ రాతిని ఫోటో తీసింది. తిరుపాలమ్మ రాతికి నుదురు ఆనించి బావురుమంది. దండుల భయానికో, ఆకలికో ఈ చీకట్లో తలదాచుకున్న ఆ ఇద్దరూ వాకిలికి పేర్లు చెక్కుకుని మరీ కాపురం చేశారు. అమ్మ బతికుండగా ఇది చూడలేకపోయిందే అని ఆమె గుండె తరుక్కుపోయింది.

"అక్కా! బిందె!"

ఎడమ కమ్మి అడుగున ఇత్తడి అంచు కనబడుతోంది. ఓబులేసు దాన్ని పట్టి లాగాడు. కమ్మి కదిలింది. సున్నం రాలింది. పైరాయి ఒక పక్కకు ఒరిగింది. అదే సమయంలో గోడ బీటల్లోంచి బురదనీళ్లు బుసబుసా దూకాయి.

"వదలరా! రాయి పడతాది!"

"పడనీ! దీన్నిండా వజ్రాలుంటే? నీకు రాయి గావాల్నా, మన దరిద్రం పోవద్దా?"

"అమ్మ సచ్చేదాకా మోసిన దరిద్రం అదేరా, ఊరన్న ఆ మాటే! ఈ రాయి పడితే మళ్లీ ఎవుర్నడిగి తెచ్చుకుందాం?"

నీళ్లు మోకాళ్లు దాటాయి. ఓబులేసు ఏడుస్తూనే, తిట్టుకుంటూనే బిందెను మళ్లీ లోపలికి తోశాడు. గునపం ఏటవాలుగా పెట్టి కమ్మికి ఊతమిచ్చి, సందుల్లో రాళ్లు కూరాడు. పైరాయి నిలిచింది.

"పదండి! తాడు పట్టుకోండి!" అని ఓబులేసు కేకేశాడు.

కంతలోకి నీళ్లు తోసుకొచ్చాయి. ఆగ్నెస్ కెమెరా పట్టీ రాతికొనకు చిక్కుకుంది. తిరుపాలమ్మ పట్టీ తెంపి, ఆమె నడుం పట్టి ముందుకు నెట్టింది. కెమెరా నీళ్లలో పోయింది. అవతల మద్దిలేటి రంకెలేస్తూ తాడు లాగాడు. ముగ్గురూ బురద ముద్దలై బయటపడ్డారు. చూస్తూ చూస్తూండగానే కంత నీటితో నిండిపోయింది.

"ఫోటో కూడా లేదు," అని తిరుపాలమ్మ తల బాదుకుంది. "ఆధారం లేనిది రాయనన్నారుగా. ఇప్పుడేం రాస్తారు?"

ఆగ్నెస్ నోట్లోని మన్ను ఉమ్మేసింది. "థామస్ హార్లో, యోమన్ కొడుకు. భార్య బాలమ్మ. కళ్లారా చూసినది ఆగ్నెస్ హార్లో. కాదన్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు."

"ఏమంటాంది దొరసానమ్మ?" అని అడిగాడు మద్దిలేటి.

"మా అవ్వ పెండ్లామే అంటాంది."

"ఆయమ్మ అంటే సరిపాయనా? ఊర్లో పెద్దమనుసులు నమ్మొద్దా?"

తిరుపాలమ్మ కొంగు పిండుకుని లేచి నిలబడింది.

"నమ్మొద్దులే! ఎండాకాలం రానీ, నీళ్లు తీయనీ. ఒక్కొక్కర్నీ ఈడికే తోలుకొనొస్తా. పంచెలు ఎగ్గట్టుకోని, బోర్లా పడి పాక్కుంటా పోయి, మా అవ్వ వాకిట్లో తలెత్తి సూడాల అందరూ!"