రోజుకో కూర

“బస్ ఝాలా, ఇగ చాలు! ఇంకొక్కసారి గీ గడ్డీ గాదం నా మనుమరాలి ముందర పెట్టినవంటే సూడు... ఊకునేది లేదు!”

చంద్రభాగమ్మ విసిరిన కంచం గిర్రున తిరిగి వాకిలి గోడకు తగిలి ఆగింది. మెంతికూర పప్పు నేలపాలైంది. ఏడేళ్ళ ఋతుజ అప్పుడే భళ్ళున కక్కుకుని, తల్లి కొంగులో ముఖం దాచుకుంది. మయూరి కూతురి మూతి తుడుస్తూ అత్తగారి వంక చూసింది. బీడీల కార్ఖానా నుంచి పరుగున వచ్చి, వేడివేడిగా కంచం పెట్టిందో లేదో పిల్ల ఇలా అయిపోయింది.

ఈ రగడంతా డాక్టరమ్మ మాటతో మొదలైంది. బడిలో ప్రార్థనకు నిలబడ్డ ఋతుజ కళ్ళు తిరిగి పడిపోతే, ఆవిడ పరీక్ష చేసి, ఒంట్లో రక్తం తక్కువగా ఉందనీ, పొద్దూ మాపూ అదే జొన్నరొట్టె, అదే కందిపప్పు అయితే లాభం లేదనీ, ఆకుకూరలూ మొలకలూ గుడ్లూ మార్చి మార్చి పెట్టమనీ చెప్పింది. అంతే! మయూరికి అదే వేదవాక్కయింది. నీలం నగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో ఒకనాడు శేపు ఆకుకూర, ఒకనాడు అలసందలు, మరునాడు గుడ్డు, జొన్నరొట్టెకు బదులు నువ్వులద్దిన సజ్జరొట్టె... ఒక్కటైనా గొప్పింటి వంట కాదమ్మా, అన్నీ బజారులో చవగ్గా దొరికేవే. బీడీలకు తునికాకు కత్తిరిస్తూనే రేపేం వండాలా అని ఆలోచించుకునేది పిచ్చితల్లి. కానీ అత్తగారికి అందులో కనిపించింది ఒక్కటే... ఎత్తిపొడుపు!

“నేను నలుగురు పిల్లల్ని రొట్టె పప్పు పెట్టే పెంచిన. ఒక్కడన్న సచ్చిండా? నా వంట నీకు పశువుల కుడితి లెక్క కనవడ్తుందా?” అని రోజూ సాధింపే. ఋతుజ మాత్రం మొదట్లో లొట్టలు వేసుకుంటూ తింది. ఆ తర్వాతే వచ్చి పడింది ఈ మాయదారి వాంతి! మధ్యాహ్నమైతే చాలు, కడుపులో తిప్పుతోందని ముద్ద ముట్టదు. బలవంతాన పెడితే కక్కేస్తుంది.

టవల్ మగ్గాల షెడ్డు నుంచి భోజనానికి వచ్చిన నిలేష్ వాకిట్లోనే ఆగిపోయాడు. కంచం చూశాడు, కూతుర్ని చూశాడు. తల్లి కళ్ళు ఒత్తుకుంటూ చెప్పిందంతా విన్నాడు.

“రేపటి సంది రొట్టె పప్పే వండు” అన్నాడు భార్యతో. “మల్ల గిట్లనే అయితే, నువ్వు కొన్నొద్దులు భవానీ పేట పో, మీ అవ్వగారింటికి. ఋతుజ ఈడనే ఉంటది. అమ్మ సూసుకుంటది.”

“పిల్లను ఇడిసిపెట్టి పొమ్మంటున్నరా?”

“పిల్ల బత్కాలె కదా మయూరీ!”

అయ్యో... ఆ మాటకు ఆమె గుండె చెరువైపోయింది! కన్నబిడ్డకు తానే విషం పెడుతున్నట్టు మాట్లాడాడే!

మరునాడు మయూరి రొట్టె, పప్పే చేసింది. మధ్యాహ్నం ఎప్పటిలాగే ఇంట్లో చుట్టిన బీడీలన్నీ బుట్టలో పెట్టుకుని కార్ఖానాలో అప్పగించడానికి బయలుదేరింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. రొట్టె పప్పైనా పిల్ల కడుపులో నిలుస్తుందో లేదోనని ప్రాణమంతా ఇంటి దగ్గరే కొట్టుకుంటోంది. దారిలో కలిసిన పక్కింటామె చేతికి బుట్ట అప్పగించి వెనక్కి తిరిగింది.

వాకిట్లో అడుగు పెడుతూనే రాయిలా నిలబడిపోయింది. అత్తగారి ఒళ్ళో బీడీల చాట ఉంది. అందులో తునికాకు ముక్కలు, కుప్పగా బీడీల్లో నింపే తంబాకు, అదే పొగాకు పొడి. పొద్దుటి బడి నుంచి వచ్చిన ఋతుజ ఆమె మోకాలికి ఆనుకుని కూర్చుంది. చంద్రభాగమ్మ ఒక బీడీ చుట్టి, దారం చుట్టి, చేతిని చీరకు అలా తుడిచి, పక్కనున్న గిన్నెలో రొట్టె పప్పు పిసికి ముద్ద అందిస్తోంది. మళ్ళీ అదే చేత్తో తంబాకు... మళ్ళీ ముద్ద!

“తిను నా తల్లీ. మీ అమ్మ వండే గడ్డితోని ఎట్ల బత్కుతవే? బాపమ్మ ఉండంగ నీకు ఉపాసమెందుకు? రోజు నా రొట్టె పప్పు పెడుతలేనా?”

రోజూ! తను కార్ఖానాకు పోగానే రోజూ ఇదేనన్నమాట! గిన్నెలో పప్పు మీద సన్నటి గోధుమరంగు పొడి తేలుతోంది. మయూరి ఒక్క ఉరుకున వెళ్ళి పిల్లను లాక్కుంది. అప్పటికే ఆలస్యమైంది... ఋతుజ తల్లి భుజం మీదే కక్కుకుంది.

సరిగ్గా అప్పుడే నిలేష్ లోపలికి వచ్చాడు.

“మల్లనా! ఇయ్యాల ఏం పెట్టినవే?”

మయూరికి కోపం రాలేదా అంటే, వచ్చింది! అరికాలి మంట నెత్తికెక్కింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గోడకు ఆనుకుని బిత్తరపోయి చూస్తున్న ఆ ముసలిదాన్ని చూసింది. మగడు పోయాక ఆ చేతులే కదా నిలేష్‌ను పెంచి మగ్గం దాకా తెచ్చింది! నీ తల్లే నీ బిడ్డకు తంబాకు తినిపిస్తోందని కొడుకు ముఖానే చెబితే ఆ ప్రాణం నిలుస్తుందా? కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది.

“పోత. ఇయ్యాలనే పోత” అంది. “ముందుగాల పిల్లను దవాఖానకు తీస్కపోదాం, రాండ్రి.”

నిలేష్ బండి తాళం కోసం లోపలికి వెళ్ళాడు. మయూరి అత్తగారి పక్కన కూలబడి, గొంతు తగ్గించి అంది:

“అత్తమ్మా... నేను లేనప్పుడు ఋతూకు ముద్ద పెట్టే ముందు సబ్బు వెట్టి చేతులు కడుక్కోండ్రి. తంబాకు పిల్ల కడుపుల పడ్తుంది. గంతే... ఇంకేం అడ్గ. మీ కొడుక్కు చెప్ప.”

చంద్రభాగమ్మ అరచేతులు తిప్పి చూసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా తెలియలేదామెకు! జీవితమంతా ఆ ఘాటులోనే బతికిన మనిషికి ఏం తెలుస్తుంది?

“ఋతూ... నేను పెట్టే ముద్ద చేదుగుంటదా బిడ్డా?”

పిల్ల తలూపింది. “రోజు చేదే ఉంటది బాపమ్మా. నువ్వు పెట్టినవని తింటున్న.”

ఆ మాట వినగానే ఒళ్ళో చాట జారి కింద పడింది. చంద్రభాగమ్మ నెత్తి బాదుకుంటూ కేక పెట్టింది.

“ఒరేయ్ నిలేషూ! కోడలు కాదురా... నేనే! ఈ తంబాకు చేతులతోని నేనే తినవెట్టిన్రా! అది ఎరిగి కూడ నా పరువు కాపాడి ఇల్లు ఇడుస్తనంటుంది సూడరా!”

నిలేష్ చేతిలోని తాళం అలాగే ఉండిపోయింది. భార్య ముఖం చూడలేక తల దించుకున్నాడు. “మయూరీ... నువ్వేడికి పోవద్దు” అన్నాడు. పిల్లను ఎత్తుకుని బయటికి నడిచాడు.

భయం లేదనీ, సమయానికి తెలిసిందనీ డాక్టరమ్మ చెప్పాక గానీ అందరికీ ఊపిరి ఆడలేదు. కానీ మరునాడు ఋతుజ ఎన్నిసార్లు పిలిచినా చంద్రభాగమ్మ దగ్గరికి రాలేదు. చేతులు కొంగులో దాచుకుని మూలన కూర్చుంది. మయూరి పుల్లని పుంటికూర వేసిన పప్పు ఎనుపుతూ, “రేపేం వండాల్నో మీరే చెప్పండ్రి అత్తమ్మా” అంది.

చంద్రభాగమ్మ మూలనుంచే అంది.

“నాకు వండ రాదనుకున్నవా మయూరీ? సర్వపిండి, మక్కగారెలు, సజ్జ కుడుములు... మా అవ్వ అన్నీ నేర్పింది. ఆయన పోయినంక బీడీల ఆకు ముందర కూసున్న. రొట్టె పప్పైతే జల్ది అయితది. ‘ఇయ్యాల ఏం కూరనే అవ్వా’ అని పిల్లలు అడుగుతుండె. కొన్నొద్దులకు... అడుగుడే బంద్ వెట్టిండ్రు! నువ్వు రోజుకో కూర వండుతుంటే నాకు గదే యాదికొచ్చింది. నీ మీద కోపం కాదే తల్లీ...”

మయూరి కళ్ళు వరదలయ్యాయి. లేచి చెంబుతో నీళ్ళు, సబ్బు తెచ్చింది. అత్తగారి చేతులు ఒడిలోకి తీసుకుని గోళ్ళ సందులదాకా రుద్ది రుద్ది కడిగింది. పుంటికూర పప్పుతో అన్నం కలిపి, ఋతుజను తెచ్చి ఆమె ఒళ్ళో కూర్చోబెట్టింది.

“వద్దే! నాకు భయమైతుంది. జర వాసన సూడు... ఇంక ఉన్నదేమో!” అంటూ చంద్రభాగమ్మ చేతిని కోడలి ముక్కు దగ్గరికి చాచింది.

మయూరి వాసన చూడలేదు. ఆ చేతిని రెండు కళ్ళకూ అద్దుకుని, అన్నం పళ్ళెం ఆమె ముందుకు జరిపింది.