ఇనుమైతే వంగేది

చెల్లెలు సంచి సర్దుతోంది.

మూడు చొక్కాలు. ఒక తువ్వాలు. వాటి కింద... పిస్టల్!

గుమ్మంలో నిలబడ్డ వెల్డర్ ఒక్క అడుగు లోపలికి వేస్తాడు.

"అదెందుకే?"

"దారిలో కాంట్రాక్టర్ మనుషులు ఊరికే వదులుతారా అన్నయ్యా?"

"నీ బట్టలేవి?"

"నేనెక్కడికి? కోర్టులో సాక్ష్యం చెప్పేది మీ బావ. నేను కాదుగా."

హమ్మయ్య!

వెల్డర్ పక్కనే ఉన్న షెడ్డులోకి వెళతాడు. డ్రైవర్... చెల్లెలి మొగుడు... కారు డిక్కీలోకి వంగి చూస్తున్నాడు. దారిలో ఏ పెట్రోలు బంకులో ఆగినా ప్రాణం దక్కదు. అందుకే డిక్కీలో రెండో ట్యాంకు. దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ వెల్డర్ చేతిపని.

"ఇనుమేగా బావా?"

"ఇనుమే."

"అల్యూమినియం తేలికన్నావుగా మొన్న?"

"తేలికే. గతుకులకి అతుకు దగ్గర చీలుతుంది. ఇనుము వంగుతుంది... వంగి మనకు చెబుతుంది. అల్యూమినియం చెప్పదు. టప్‌మని విరుగుతుంది. ట్యాంకు ఊడి పడితే ఒక్క నిప్పురవ్వ చాలు."

"అమ్మో! నాకు చెప్పే రకమే కావాలి. మీ చెల్లెలిలాగా... రోజంతా చెబుతూనే ఉంటుంది!"

డ్రైవర్ నవ్వుతూ వేలితో బ్రాకెట్ మీద కొట్టబోతాడు.

వెల్డర్ ఆ చెయ్యి పట్టేసుకుంటాడు.

"రంగు తడి! ముట్టుకోకు."

నల్ల రంగు. దాని కింద... అల్యూమినియం!

కాంట్రాక్టర్ మాట ఇంకా చెవుల్లోనే ఉంది. 'నేను చేసిన హత్య వాడొక్కడే చూశాడు. ఆ కారు కోర్టుకు చేరకూడదు. చేరిందా... నీ చెల్లెలు ఉండదు.'

బావా? చెల్లెలా?

వెల్డర్ బ్రాకెట్‌ను అల్యూమినియంతోనే చేశాడు.

పొద్దు వాలుతోంది. డ్రైవర్ కారును ఇంటి ముందుకు తీస్తాడు. షెడ్డు వెనక ఎర్ర బైకు వచ్చి ఆగుతుంది. కాంట్రాక్టర్ మనిషి!

"పెట్టావా?"

"పెట్టాను."

హారన్!

కారు షెడ్డు ముందు నుంచి దూసుకుపోతోంది. ముందు సీట్లో... చెల్లెలు!

"చెబితే ఏడుస్తావని చెప్పలేదు అన్నయ్యా! నా బట్టలు పొద్దునే కార్లో పెట్టేశా!"

కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. నవ్వుతోంది.

"ఆపు! ఆపవే!"

వినపడదు. మలుపు తిరిగిపోయింది.

చేతికందింది స్పానర్. ఒక్క దెబ్బ! కాంట్రాక్టర్ మనిషి నేల మీద. ఎర్ర బైకు వెల్డర్ కింద.

గతుకుల దారి. మసక చీకటి. ముందు కారు వెనక లైట్లు... ఎర్రగా, చిన్నగా.

వెల్డర్ లైటు కొడతాడు. హారన్ మోగిస్తాడు.

కారు వేగం పెంచింది!

అప్పుడు తెలుస్తుంది వెల్డర్‌కి. వాళ్లకు కనిపిస్తున్నది తను కాదు. ఎర్ర బైకు. అది ఎవరిదో వాళ్లకు బాగా తెలుసు!

గతుకు. కారు ఎగిరి పడింది. ఇంకో గతుకు. వెల్డర్ పళ్లు కొరుకుతున్నాడు.

"నేనే! మీ అన్నయ్యనే! నెమ్మదిగా పోనీ బావా!"

గాలి మాట మింగేసింది.

తను తరిమేకొద్దీ వాళ్లు ఉరుకుతారు. ఉరికేకొద్దీ అతుకు చీలుతుంది. ఆగితే... ఎవరు చెబుతారు వాళ్లకు?

ఇంకాస్త... ఇంకాస్త... కారు పక్కకు వచ్చేస్తున్నాడు.

కిటికీలోంచి చెయ్యి బయటికొచ్చింది. ఇందాక ఊపిన చెయ్యే!

ఢాం!

మోకాలి కింద నిప్పు. బైకు ఒకవైపు. వెల్డర్ ఒకవైపు. చెంప మట్టిలో.

కారు దూరమవుతోంది.

ఇనుమైతే ఈపాటికి వంగేది. కిర్రుమనేది. బావ ఆపి, దిగి చూసేవాడు.

టప్!

ఆ చప్పుడు అంత దూరం వినపడదు. వెల్డర్‌కు వినపడింది.

తర్వాత దారంతా వెలుగు.

గురువారం డ్రైవర్ తిరిగొచ్చాడు, రెండు చేతులూ కాలి. చెల్లెలు రాలేదు. మంగళవారం సాయంత్రం వెళ్లింది. ఇక రాలేదు.